ఆస్థాన వీడియో విద్వాంసుడు

మల్లెలమెరక వేణుగోపాలస్వామి గుళ్లో పెళ్లి చేసుకున్న జంట విడిపోదని కోనసీమలో ఒక నమ్మకం ఉంది. విడిపోయినవాళ్లు ఆ సంగతి బయట చెప్పుకోరు కాబట్టి ఆ నమ్మకానికి ఇప్పటిదాకా ఢోకా రాలేదు. మూఢం పోయి ముహూర్తాలు మొదలయ్యాయంటే, ఒక పెళ్లివారు పీటల మీంచి లేవకముందే ఇంకో పెళ్లివారు మండపం మెట్ల దగ్గర చెప్పులు విప్పుతూ ఉంటారు. వాళ్లందరికీ సన్నాయి ఊదేది తాతబ్బాయి, డోలు వాయించేది భీమశంకరం.

డోలు వాయించడమంటే ఏదో చప్పుడు చెయ్యడం కాదని భీమశంకరం అభిప్రాయం. పురోహితుడు చయనులుగారు వేలు పైకెత్తి "గట్టిమేళం" అన్న క్షణాన పెళ్లికొడుకు చేతులు పెళ్లికూతురి మెడ వెనక్కి వెళతాయి. ఆ క్షణంలో ఎవరి తుమ్మూ, ఎవరి ఏడుపూ, ఏ పిల్లి అరుపూ ఆ ఇద్దరి చెవిన పడకూడదు. మండపంలో ఉన్న అపశకునాలన్నిటినీ మింగేసే పని డోలుది. భీమశంకరం చయనులుగారి వేలు మీంచి చూపు తిప్పేవాడు కాదు. ఆ వేలు లేచీ లేవకముందే అతని కుడిచేతి వేళ్ల తొడుగులూ, ఎడమచేతి పుల్లా ఒక్కసారిగా చర్మం మీద పడేవి. తన డోలు మోతలో తుమ్మినవాళ్లు ఊళ్లో కనీసం సగంమంది ఉంటారనీ, ఒక్క తుమ్మూ బయటికి రాలేదనీ అతను గర్వంగా చెప్పుకునేవాడు.

ఇంత చేసినా అతనిది దినకూలీ ఉద్యోగమే. తనని పర్మనెంటు చెయ్యమని ఏటా అర్జీ పెట్టుకునేవాడు. విషయము పరిశీలనలో ఉన్నదని ఏటా జవాబొచ్చేది. పరిశీలించేవాళ్లు ఇద్దరు ముగ్గురు రిటైరైపోయారు గానీ, పరిశీలన మాత్రం చెక్కు చెదరలేదు.

ఇలా ఉండగా పైవాళ్లు ఎక్కడికో శిక్షణకు వెళ్లొచ్చారు. శిక్షణకు వెళ్లినవాళ్లు ఉత్తచేతులతో రారు గదా, ఒక ఉత్తర్వు తెచ్చారు. ఈవోగారు భీమశంకరాన్ని గదిలోకి పిలిచి, కళ్లజోడు సవరించుకుని చదివి వినిపించారు.

"దేవస్థానములందలి మేళము డిజిటలీకరించబడవలెను. వాద్యకారులు తమ తమ స్వగృహములందు తమ వాద్యమును వీడియో తీసి సమర్పించవలెను. ఇందు నిమిత్తము దేవస్థానముపై ఎట్టి ఆర్థిక భారము పడరాదు. తొలి దశలో డోలు. సన్నాయి విషయము మలిదశలో పరిశీలించబడును."

డోలు గుళ్లోనే ఉంది, వాయించే మనిషీ ఉన్నాడు, మధ్యలో వీడియో ఎందుకో భీమశంకరానికి అర్థం కాలేదు. ఆ మాటే వినయంగా అడిగాడు. ఈవోగారు చెడ్డమనిషేమీ కాదు. ఉత్తర్వు చేతికొస్తే అది అమలయ్యేదాకా అన్నం సయించని రకం, అంతే.

"చూడు భీమశంకరం. నువ్వు మనిషివి. మనిషికి జ్వరమొస్తుంది, చుట్టాలు పోతారు, బస్సు తప్పిపోతుంది. వీడియోకి ఈ అవలక్షణాలు ఉండవు. నీ వీడియో గనక ఎంపికైతే, పర్మనెంటు ఫైలు నేనే స్వయంగా పైకి పంపిస్తాను."

పర్మనెంటు అన్న మాట చెవిన పడ్డాక భీమశంకరానికి మిగతా సందేహాలు గుర్తు రాలేదు. ఆయ్, అలాగేనండి అని నిబంధనల కాగితం కళ్లకద్దుకుని ఇంటికి తెచ్చాడు. భార్య మాణిక్యం దాన్ని రెండుసార్లు చదివింది. వాద్యకారుడు చిరునవ్వుతో ఉండవలెను. చెమట కనిపించరాదు. ఇతర మనుష్యుల, జంతువుల, యంత్రముల ధ్వనులు వినిపించరాదు. వీడియో ఇంటిలోనే తీయబడవలెను గాని ఇల్లు కనిపించరాదు.

"ఇల్లు కనపడకుండా ఇంట్లో ఎలా తీత్తామండి?" అంది మాణిక్యం.

అది గవర్నమెంటువాళ్లకి తెలుసులే అన్నాడు భీమశంకరం.

డబ్బు ఖర్చు పెట్టకుండా సినిమా తియ్యాలంటే ఇల్లంతా గాలించాల్సిందే. గోడలకి బొంతలు కట్టారు. బొంతలు చాలని చోట మాణిక్యం పాత చీరలు, అవీ చాలని చోట ధాన్యం గోతాలు వేలాడదీశారు. దాంతో ఇల్లు కనిపించకూడదన్న నిబంధన దానంతటదే నెరవేరింది. తిరగలి మీద కుంచం బోర్లించి, దాని మీద ఫోను నిలబెట్టి, జడకుచ్చుల దారంతో కట్టారు. మొదటి దెబ్బకే ఫోను గింగిరాలు తిరిగి కింద పడింది. రెండోసారి దాన్ని బియ్యం డబ్బాలో గొంతు దాకా పాతి, కన్ను మాత్రం బయటికి ఉంచారు. ఫోను కదల్లేదు గానీ, డోలు శబ్దం దానిలో పెంకులు పగిలినట్టు వచ్చింది. మాణిక్యం దానికి ఉన్ని మేజోడు తొడిగాక గొంతు కాస్త దారికొచ్చింది. వెలుతురు కోసం వాకిట్లో ఎండని కంచంతో పట్టి కిటికీలోంచి మొగుడి మొహం మీదికి తిప్పే పని కూడా ఆవిడే పుచ్చుకుంది.

ఫ్యాను శబ్దం యంత్రధ్వని కిందికి వస్తుంది కాబట్టి ఆపేశారు. ఫ్యాను ఆపితే చెమట పడుతుంది. చెమట తుడుచుకుంటే చెయ్యి ఆగుతుంది. చెయ్యి ఆగితే మళ్లీ మొదట్నుంచి వాయించాలి. ఎండాకాలపు కోనసీమలో బొంతల మధ్య కూర్చుని డోలు వాయిస్తూ చెమట పట్టకుండా చిరునవ్వు నవ్వడమంటే మాటలు కాదు. ఆ నవ్వు చూసిన మాణిక్యం, పళ్లు నొప్పేమోనని కంగారుపడింది.

అసలు చిక్కు వీధిలోంచి వచ్చింది. పొద్దున్నే ఆ ఇంట్లోంచి గట్టిమేళం వినపడగానే ఎదురింటి సుబ్బాయమ్మగారు చేతిలో పని వదిలేసి వచ్చి గుమ్మంలో నిలబడింది. మేళం విన్నాక ఆగే ఊరు కాదది. ఆవిడ వెనకే మరో నలుగురు వచ్చారు. ఒకావిడ అలవాటుకొద్దీ ఇన్ని అక్షింతలు కూడా కలుపుకొచ్చింది. ఎవరి పెళ్లి, మాకు మాటమాత్రం చెప్పలేదేం, చెబితే ఎత్తుకుపోతామా అని సుబ్బాయమ్మగారు నిష్ఠూరమాడింది. ఇది పెళ్లి కాదు, వీడియో అని మాణిక్యం ఎంత చెప్పినా నమ్మలేదు. మర్నాడూ గట్టిమేళం మోగేసరికి, ఆ ఇంట్లో రోజుకొక పెళ్లి దొంగచాటుగా జరుగుతోందని వీధి వీధంతా తీర్మానించేసుకుంది. వీధివాళ్లు మాట్లాడ్డం మానేశారు. ఆ నిశ్శబ్దం భీమశంకరానికి కలిసొచ్చింది.

అలా వాయించగా వాయించగా, ఒకనాడు చెయ్యి అద్భుతంగా తిరిగింది. చెమట పట్టలేదు, నవ్వు చెక్కు చెదరలేదు, కోడి కూయలేదు. సరిగ్గా గట్టిమేళం అందుకున్నప్పుడు మాత్రం వంటింట్లో కుక్కరు మూడు కూతలు పెట్టింది. భీమశంకరానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. మళ్లీ అంత బాగా వాయించడం తనవల్ల కాదని తెలుసు. ఎలాగూ తిప్పి పంపుతారు, అప్పుడు చూసుకుందామని దాన్నే సమర్పించాడు.

పైన ఎంపిక కమిటీవాళ్లు మరో మీటింగులో కూర్చుని, పక్కవాళ్లకి ఇబ్బంది కలగకుండా శబ్దం తీసేసి వీడియోలన్నీ చూశారట. నవ్వు బాగుంది, చెమట లేదు, ఇల్లు కనిపించలేదు. మొత్తం రాష్ట్రంలో నిబంధనలన్నీ నెరవేర్చిన వీడియో భీమశంకరానిదొక్కటేనని తేలింది.

మండపంలో వేదిక పక్కన పెద్ద టీవీ పెట్టారు. డోలుని అద్దాల పెట్టెలో పెట్టి, వారసత్వ సంపద అని పలక తగిలించారు. వీడియోని గుళ్లో దాచుకోవడం భద్రతా నియమములకు విరుద్ధమట. అందుకని దాన్ని ఎక్కడో ఆకాశంలో దాచి, ముహూర్తం వచ్చినప్పుడల్లా నెట్టులోంచి కిందికి దింపేవారు. మొదటి పెళ్లి రోజున భీమశంకరం ఉతికిన పంచె కట్టుకుని టీవీ పక్కన నిలబడ్డాడు. జనం టీవీని చూసి, ఎంత కళగల మొహమండీ అన్నారు. పక్కనున్న మొహాన్ని కాస్త జరగమన్నారు, టీవీకి అడ్డమొస్తోందని.

అయినా అతను పొంగిపోయాడు. తాతబ్బాయి మాత్రం పొంగలేదు. ఇన్నేళ్లుగా భీమశంకరం తలూపితే తాతబ్బాయి ఎత్తుకునేవాడు, తాతబ్బాయి కన్నెగరేస్తే భీమశంకరం తగ్గేవాడు. ఇప్పుడు సన్నాయి ఎంత బతిమాలినా టీవీ తన దారిన తను పోతోంది. "నా మాట వినడం మానేశావు శంకరం," అని తాతబ్బాయి టీవీలోని మనిషి మీద అలిగి, పక్కనున్న మనిషితో చెప్పుకున్నాడు.

చయనులుగారి చిక్కు వేరు. వీడియోలో గట్టిమేళం దాని వేళకి అది వచ్చేస్తుంది, ఎవరి వేలూ చూడదు. ఆ వేళకి మాంగల్యం సిద్ధం కాకపోతే ఖాళీ చేతుల మీద మోత మోగిపోతుంది. ఈవోగారు దీనికీ ఒక మెమో ఇచ్చారు. ముహూర్తములు వీడియోకు అనుగుణముగా నిర్ణయించుకొనవలెను, మంత్రములు అవసరమును బట్టి పెంచుకొనుట లేక తగ్గించుకొనుట పురోహితుని విచక్షణకు వదలివేయడమైనది. అప్పట్నుంచి చయనులుగారు టీవీని ఓరకంట చూస్తూ, వేళ మించిపోతోందంటే పెళ్లికొడుకు తాతముత్తాతల్ని ఒక్క గుక్కలో చదివేసేవారు. వేళ మిగిలితే, వాళ్లనే మళ్లీ ఒకసారి పలకరించేవారు.

ఇక కుక్కరు కూతల సంగతి. మొదటి పెళ్లిలోనే మగపెళ్లివారు ఉలిక్కిపడి, ఆ ఈలలేమిటని అడిగారు. తప్పు జరిగిందని ఒప్పుకుంటే వీడియోని ఎంపిక చేసిన కమిటీని తప్పుపట్టినట్టవుతుంది. ఈవోగారు తడుముకోకుండా, అది ఆవిరి నాదము, అన్నసమృద్ధికి సంకేతము అన్నారు. పెళ్లివారు చేతులు జోడించారు. నెల తిరక్కుండా పక్క ఊళ్ల పెళ్లివారు మా దాంట్లో మూడు కూతలూ పడతాయి గదండీ అని ముందే కనుక్కోవడం మొదలెట్టారు. ఆపైన, మిగతా దేవస్థానముల డోలు వీడియోలందు కూడా ఆవిరి నాదము మూడు పర్యాయములు తప్పనిసరి అని పైనుంచి ఉత్తర్వే వచ్చింది. ఎక్కడెక్కడి డోలు విద్వాంసులో కొత్త కుక్కర్లు కొనుక్కున్నారని వినికిడి.

పర్మనెంటు కాగితం సరిగ్గా అప్పుడే వచ్చింది. భీమశంకరం దాన్ని స్వామి పాదాల దగ్గర పెట్టించి, మాణిక్యం చేతికిచ్చి చదవమన్నాడు. మాణిక్యం చదవడం మొదలెట్టింది. డోలు వాద్యము (వీడియో) అను పదవిని శాశ్వతము చేయడమైనదని అందులో ఉంది. సదరు వీడియోను ఆస్థాన విద్వాంసునిగా నియమించడమైనది. వీడియో విధులలో చేరినందున, దానికి మూలమైన వ్యక్తి సేవలు ఇకపై అవసరము లేవని తెలియజేయడమైనది.

"అంటే మనకి వచ్చినట్టా, పోయినట్టా?" అన్నాడు భీమశంకరం.

"మీకు వచ్చింది. మనకి పోయింది," అంది మాణిక్యం.

భీమశంకరం ఈవోగారి దగ్గరికి పరుగెత్తాడు. నీ ఫైలే గదా పంపింది, నీ మొహమే గదా, ఇందులో బాధపడాల్సిందేముందని ఈవోగారు నిజంగానే ఆశ్చర్యపోయారు. దాంతో భీమశంకరం ఇంటిపట్టున కూర్చున్నాడు. చేతులు ఊరుకోవు గదా. బియ్యం డబ్బా మీదా, మంచం కోడు మీదా, ఆఖరికి నిద్దట్లో మాణిక్యం భుజం మీదా వాయించాడు. వాయించకుండా బతకడం అతనికి తెలియదు. గుడివైపు నుంచి తన గట్టిమేళమే తనకి వినపడుతుంటే, బతికుండగానే తన తద్దినం తను వింటున్నట్టు ఏడుపొచ్చేది.

ఆ మాఘమాసంలో, ఉత్తర్వులు పంపే పెద్ద అధికారిగారి మేనకోడలి పెళ్లి మల్లెలమెరకలోనే కుదిరింది. మండపం కిక్కిరిసింది. భీమశంకరం ఉండబట్టలేక వెళ్లి వెనక స్తంభాన్ని ఆనుకుని నిలబడ్డాడు. చయనులుగారు రెండు వంశాల్నీ వేళకి సరిపెట్టి చదివారు. పెళ్లికొడుకు మాంగల్యం అందుకుని, లేచి, చేతులు పెళ్లికూతురి మెడ దాకా తెచ్చాడు. టీవీలో భీమశంకరం నవ్వుతూ పుల్ల పైకెత్తాడు.

పుల్ల అక్కడే ఆగిపోయింది. నవ్వూ ఆగిపోయింది. మొహం మధ్యలో ఒక చక్రం గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. కాసేపటికి చక్రం పోయి, మోకాళ్ల నొప్పుల తైలం ప్రకటన వచ్చింది. అదీ అయిపోయి మళ్లీ చక్రం వచ్చింది. మండపంలో చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో పెళ్లికొడుకు మేనమామ, ఎన్నాళ్లనుంచి దాచుకున్నాడో, పెద్దగా తుమ్మాడు.

ఆడపెళ్లివారి పెద్దావిడ ఆగండి, కట్టకండి అని అరిచింది. మగపెళ్లివారు అది తుమ్ము కాదు, దగ్గు అన్నారు. మాటకి మాట పెరిగింది. చయనులుగారు ఘడియలు దాటిపోతున్నాయని తల పట్టుకున్నారు. ఇంకెవరైనా తుమ్మితే ఈ పెళ్లి లేదన్నారు ఆడపెళ్లివారు. పెళ్లికొడుకు చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. పెద్ద అధికారిగారు ఈవోగారి వంక చూశారు. ఈవోగారు స్తంభం వంక చూశారు.

ఈవోగారు అంత గబగబా నడవగలరని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. "భీమశంకరం, నీకు దణ్ణం పెడతాను. ఒక్కసారి వాయించు."

"నా సేవలు అవసరం లేదన్నారు కదండి. ఆయన పర్మనెంటు," అని భీమశంకరం టీవీలో ఆగిపోయిన తన మొహాన్ని చూపించాడు. "ఆయన్నే అడగండి."

ఇన్నాళ్ల కడుపుమంట ఆ ఒక్క మాటతో చల్లారింది. ఇంకో నాలుగు మాటలు అందామనుకున్నాడు కూడా. కానీ పీటల మీద పెళ్లికూతురు తల వంచుకుని, జారుతున్న కన్నీళ్లు కాటుకని చెరపకుండా ఆపుకోవాలని తంటాలు పడటం కనిపించింది. ఎవరి ఉత్తర్వులకో ఆ పిల్ల ఏడవడం అన్యాయమనిపించింది. అతను అద్దాల పెట్టె తలుపు లాగి, వారసత్వ సంపదని మెళ్లో వేసుకుని, వార్లు బిగించాడు. చయనులుగారి వేలు వంక చూశాడు. ఎన్నాళ్లకో ఆ వేలు ఒక మనిషి కోసం లేచింది.

ఆ రోజు మల్లెలమెరక మోగినట్టు మరెప్పుడూ మోగలేదు. తాతబ్బాయి కళ్లు మూసుకుని సన్నాయి ఎత్తాడు. మేనమామ మరో రెండుసార్లు తుమ్మాడని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. ఎవరూ వినలేదు. పెళ్లి అయిపోయింది.

పెళ్లి అయిపోయినా ఫైలు అయిపోదు గదా. మర్నాడు విచారణ మొదలైంది. శాశ్వత ఉద్యోగి ముహూర్త సమయమున విధులకు గైర్హాజరగుట తీవ్రమైన క్రమశిక్షణారాహిత్యము అని వీడియో పేర మెమో జారీ అయింది. మెమోకి జవాబు ఉద్యోగే ఇవ్వాలి. ఉద్యోగికి నోరు లేదు. జవాబు రాకపోతే ఆ ఉద్యోగిని ఎంపిక చేసినవాళ్ల మీదికి, అంటే కమిటీ మీదికి, అక్కణ్నుంచి పెద్ద అధికారిగారి మీదికి విచారణ పోతుంది. ఈవోగారికి అన్నం సయించలేదు. భీమశంకరాన్ని పిలిచి, మెమో చూపించి, ఏం చెయ్యమంటావని అడిగారు. అధికారులు తనని సలహా అడగడం భీమశంకరానికి అదే మొదలు.

"ఒంట్లో బాగోలేదని రాద్దామండి. అందరూ సూత్తుండగా కళ్లు తిరిగాయి గదండి ఆయనకి. సెలవిచ్చేత్తే సరిపోద్దండి," అన్నాడు.

ఈవోగారు కుర్చీలోంచి లేచి అతన్ని కౌగలించుకున్నంత పని చేశారు. వీడియో తరఫున సెలవు చీటీ మాణిక్యం రాసింది. సిగ్నలు బలహీనతతో బాధపడుతున్నందున పూర్తి విశ్రాంతి అవసరమని కేబుల్ ఆపరేటరు వైద్య ధ్రువపత్రం ఇచ్చాడు. ఆస్థాన విద్వాంసుడు సెలవులో ఉన్నందున, తాత్కాలిక ప్రాతిపదికపై ఒక వ్యక్తిని నియమించుకొనుటకు అనుమతి వచ్చింది. ఆ వ్యక్తికి వీడియోతో పోలికలుండటం అదనపు అర్హతగా పరిగణించారు. అలా భీమశంకరం తన బదులు తనే డోలు వాయించడానికి మళ్లీ దినకూలీకి కుదిరాడు. వీడియోగారి ఆరోగ్యం మాత్రం కుదుటపడలేదు. ముహూర్తాలు దగ్గరపడేసరికల్లా మాణిక్యం ఇంకో సెలవు చీటీ రాసేది.

ఉగాది వచ్చింది. ఉత్తమ కళాకారులకు సన్మానమన్నారు. మల్లెలమెరక నుంచి ఆస్థాన వీడియో విద్వాంసుడు ఎంపికయ్యాడు. సెలవులో ఉన్నా సర్వీసు సర్వీసే గదా. పెద్ద అధికారిగారు స్వయంగా వచ్చి, వీడియో నిరుపమాన సేవలను కొనియాడుతూ ప్రసంగించారు. నల్లగా ఆగి ఉన్న టీవీకి బొట్టు పెట్టి, దండ వేసి, జరీ అంచు శాలువా కప్పారు. ఆ శుభ సమయమున మేళము మ్రోగవలెనని ఈవోగారు సైగ చేశారు. తన సన్మానానికి తనే గట్టిమేళం వాయించాడు భీమశంకరం. ఆ రోజు కూడా చెయ్యి తప్పు పడలేదు.

మేళం ఆగింది. జనంలోంచి మాణిక్యం లేచి వేదిక ఎక్కింది. దండ జోలికి పోలేదు. టీవీ మీది శాలువా తీసి, దులిపి, చెమటతో తడిసి ఉన్న మొగుడి భుజాల చుట్టూ కప్పింది. ఈవోగారు కంగారుగా లేచారు.

"అమ్మా, అది శాశ్వత ఉద్యోగిగారి శాలువా."

"తెలుసండి," అంది మాణిక్యం. "ఆయన సెలవులో ఉన్నారు కదండి. డ్యూటీలో చేరగానే ఇచ్చేత్తాం."